ఘరియాల్ పుట్టింది కూడా విశాఖలోనే

సంపాదకుల వారికి నమస్కారం.

మయన్మార్ భూకంప బాధితుల కోసం బియ్యం, వంటనూనె, బిస్కెట్లు, మందులు వేసుకుని 2025 ఏప్రిల్‌లో మన నౌకాదళ ఓడ ఐఎన్‌ఎస్ ఘరియాల్ విశాఖపట్నం నుంచి వెళ్లింది. 442 టన్నుల ఆహార సామగ్రితో ఏప్రిల్ 5న యాంగూన్ దగ్గర తిలావా రేవుకు చేరింది. పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. నేను ఒక ఫొటో కత్తిరించి దాచుకున్నాను. నేను చదివిన వార్తలన్నింటిలోనూ ‘విశాఖ నుంచి బయల్దేరిన నౌక’ అని ఉంది. ఆ నౌక ఒళ్లు తయారైంది కూడా విశాఖలోనే అన్న మాట ఏ వార్తలోనూ కనబడలేదు. ఆ మాట చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, దయచేసి చదవండి.

నేను వెల్డర్ని. ఐటీఐ పూర్తి చేసి 1983లో హిందుస్థాన్ షిప్‌యార్డులో అప్రెంటిస్‌గా చేరాను. రెండేళ్ల కిందట రిటైరయ్యాను. ఉండేది మల్కాపురంలో. నా చేతి మీదుగా చాలా ఓడలు వెళ్లాయి, అందులో సరుకు ఓడలే ఎక్కువ. కానీ నిద్రలో లేపి అడిగినా నేను ముందు చెప్పే పేరు ఘరియాలే.

ఎందుకో చెప్పాలంటే మా నాన్న దగ్గర మొదలుపెట్టాలి. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. నాన్న తెప్ప మీద వేటకు వెళ్లేవాడు. ఒకసారి సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు యార్డులో ఇప్పుడేం కడుతున్నారని అడిగాడు. యుద్ధ ట్యాంకులను మోసుకెళ్లి నేరుగా ఒడ్డు మీద దించే ఓడ అని చెప్పాను. రేవు అక్కర్లేదు, జెట్టీ అక్కర్లేదు, ఓడే వచ్చి ఇసుక మీద ముక్కు ఆనిస్తుంది, ముక్కు తలుపులు రెండు పక్కలకీ తెరుచుకుంటాయి, లోపలి నుంచి ర్యాంపు దిగుతుంది, ట్యాంకులు దాని మీదుగా ఒడ్డెక్కుతాయి అని చేతులతో చూపించాను. నాన్న నమ్మలేదు. “ఓడనెవుడైనా కావాలని ఇసకలోకెక్కిస్తాడేటిరా?” అన్నాడు. మళ్లీ కాసేపు ఆలోచించి, “అలాగైతే పైన సోకులెంత చేసినా లాభం లేదు. దెబ్బ తినేది అడుగే. అడుగు గట్టిగా చెయ్యండి” అన్నాడు.

చదువు లేని మనిషి. కానీ మా ఇంజినీర్లు డ్రాయింగు ముందు పెట్టుకుని చెప్పిన మాట కూడా అదే. జీవితమంతా తెప్పను అల మీద ఒడ్డుకెక్కించి, మళ్లీ అలకు ఎదురు తోసినవాడు కదా, ఆయనకు తెలుసు.

మిగతా ఓడలకు ఒడ్డంటే భయం. 2020 అక్టోబర్‌లో వాయుగుండం గాలులకు బంగ్లాదేశ్ సరుకు ఓడ ‘ఎంవీ మా’ తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికి కొట్టుకొచ్చింది. నగరమంతా చూడ్డానికి వెళ్లింది. ఒడ్డుకు తగిలాక ఆ ఓడ మళ్లీ తనంతట తాను కదల్లేదు. ఘరియాల్ లాంటి ల్యాండింగ్ ఓడ (ఒడ్డెక్కే ఓడ) ఆ పనే కావాలని చేసి, పని ముగించుకుని వెనక్కి వెళ్లిపోతుంది. దాని అడుగు బల్లపరుపుగా ఉంటుంది. నీళ్లలో ముందు భాగం తేలిగ్గా పైకి, వెనక భాగం లోతుగా ఉండేలా బల్లాస్ట్ ట్యాంకుల్లో, అంటే ఓడ బరువు సర్దే తొట్లలో, నీళ్లు సర్దుతారు. తీరం వాలు ఎంతుందో ముందే చూసుకుంటారు. ఒడ్డు ఇంకా కొంత దూరం ఉందనగానే వెనక వైపు నుంచి ఒక లంగరు వదిలేస్తారు. దాని తాడు వదులుతూ ముందుకు వస్తారు. ముక్కు ఇసుకకు ఆనుతుంది. సరుకు దిగిపోయాక ఓడ తేలికవుతుంది. అప్పుడు బల్లాస్ట్ నీళ్లు తోడేసి, ఇంజన్లు వెనక్కి తిప్పుతూ, ఆ వెనక లంగరును పట్టి లాక్కుంటూ బయటపడతారు. లంగరు సరిగా పట్టకపోయినా, పోటు పాటుల లెక్క తప్పినా ఓడ అక్కడే కూర్చుంటుంది. ఆ కాసేపు ఓడలో ఎవరికీ ఊపిరాడనంత టెన్షన్‌గా ఉంటుందని ఇలాంటి ఓడల్లో పనిచేసిన నావికుడు ఒకాయన నాతో చెప్పాడు. బల్లపరుపు అడుగు వల్ల నడిసముద్రంలో ఇవి బాగా ఊగుతాయట కూడా. కొత్తగా చేరిన కుర్రాళ్లు మొదటి రెండ్రోజులు అన్నం ముట్టరని చెప్పాడు.

మొసలికి నీళ్లలోనే బలం అంటారు మనవాళ్లు. ఈ మొసలి బలమంతా ఒడ్డెక్కడంలో ఉంది. మొసలి అని ఎందుకన్నానంటే, కడుతున్నన్నాళ్లూ మేం దాన్ని యార్డు నంబరుతోనే పిలిచేవాళ్లం. పేరు ఘరియాల్ అని తెలిశాక దానికి అర్థమేంటో మాలో ఒక్కరికీ తెలియలేదు. మా కాలనీలో ఒక హిందీ మాస్టారు ఉండేవారు, ఆయన్ని అడిగాం. గంగానదిలో ఉండే పొడుగు మూతి మొసలి అని చెప్పారు. దీనికంటే ముందు కోల్‌కతా గార్డెన్‌రీచ్ యార్డు కట్టిన ఓడ మగర్. అదీ మొసలే. మన దేశంలో కట్టిన ఈ తరహా పెద్ద ఓడల్లో మొదటిది అదే, 1987 జూలైలో నౌకాదళంలో చేరింది. అంతకుముందు మన నౌకాదళంలో మగర్ పేరుతో ఇంకో ఓడ ఉండేది, అది 1949లో బ్రిటిష్ వాళ్ల దగ్గర తీసుకున్న ప్రపంచ యుద్ధం నాటి ఓడ. ఆ పాత మగర్ నుంచి మన చేతులతో మనం కట్టుకున్న మగర్, ఘరియాల్ వరకు వచ్చిన దూరాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది.

ఓడ పొడవు 120 మీటర్లు. నిండు బరువు దాదాపు 5,600 టన్నులు. 15 ట్యాంకులు, 500 మంది సైనికులు పడతారు. ఈ అంకెలు ఎవరైనా చెబుతారు. నేను చెప్పగలిగేది దాని అడుగు గురించి.

ఓడ అడుగున రెండు పొరల ఉక్కు ఉంటుంది. రెంటికీ మధ్య గదులు గదులుగా తొట్లు. మ్యాన్‌హోల్‌లోంచి పాక్కుంటూ లోపలికి వెళ్లాలి. కూర్చోవడానికి ఉండదు, కొన్నిచోట్ల పక్కకు తిరిగి పడుకునే వెల్డింగ్ చెయ్యాలి. ఒకడు లోపల ఉంటే ఒకడు తప్పనిసరిగా మ్యాన్‌హోల్ దగ్గర కాపలా ఉండాలి. పొగ లాగడానికి బ్లోయర్ గొట్టం పెట్టేవాళ్లు, దాని హోరుకు ఏమీ వినపడేది కాదు. అందుకని హ్యామర్‌తో ప్లేటు మీద కొట్టి మాట్లాడుకునేవాళ్లం. రెండు దెబ్బలంటే వెల్డింగ్ రాడ్లు కావాలని. మూడంటే బయటికి వస్తున్నానని. అదే పనిగా కొడుతుంటే ఏదో అయిందని, వెంటనే కరెంటు ఆపి లోపలికి పరిగెత్తాలని. మే నెలలో పైన ఎండకు ప్లేటు కాలుతుంటే లోపల మనిషి ఉడికిపోయేవాడు. తల మీద వెల్డింగ్ చేసేటప్పుడు నిప్పురవ్వలు కాలర్లోకి జారేవి. నా మెడ వెనక ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి. మా ఆవిడ అప్పట్లో వాటికి రోజూ కొబ్బరినూనె రాసేది.

సముద్రం గాలికి రాడ్లు చెమ్మగిల్లితే వెల్డింగ్‌లో గాలి బుడగలు వస్తాయి. అందుకే ఓవెన్లో వేడి చేసి, వేడి మీదే తీసుకెళ్లి వాడాలి. ముఖ్యమైన అతుకులకు ఎక్స్‌రే తీస్తారు. ఫిల్ములో మచ్చ కనబడిందా, అంత మేరా గ్రైండ్ చేసి మళ్లీ వెయ్యాలి. సరుకు ఓడకూ ఇదే పద్ధతి. కానీ ఈ ఓడ అడుగు దగ్గర మా ఫోర్‌మన్ గారు ఫిల్ము రాకముందే టార్చిలైటు పట్టుకుని అతుకు అతుకూ చూసేవారు. “ఇది ఇసకలో కూర్చునే ఓడ, రాయి తగులుద్దో ఏం తగులుద్దో, పైన వందల మంది ఉంటారు” అనేవారు. ఆయన పోయి పన్నెండేళ్లయింది.

1991లో ఓడను స్లిప్‌వే మీంచి నీళ్లలోకి జార్చారు. మా ఇళ్లలో వాళ్లంతా వచ్చారు. నాన్న కూడా ఊరి నుంచి వచ్చాడు. కొబ్బరికాయ కొట్టాక ఒక క్షణం ఓడ కదల్లేదు. తర్వాత నెమ్మదిగా కదిలి, అంతలోనే వేగం అందుకుని నీళ్లలోకి వెళ్లింది. నాన్న మిగతా జనంలాగా చప్పట్లు కొట్టలేదు. ఓడ నీళ్లలో నిలిచాక అది ఎటైనా ఒరిగిందా అని చాలాసేపు చూశాడు. ఒరగలేదు. నా భుజం మీద చెయ్యి వేశాడు, అంతే.

ఆ తర్వాత ఇంజన్ల గదులు, ఆయుధాలు, కేబుళ్లు, మిగతా అమరికంతా కోల్‌కతా గార్డెన్‌రీచ్‌లో జరిగింది. 1997 ఫిబ్రవరిలో ఘరియాల్ నౌకాదళంలో చేరింది. అప్పట్నుంచీ తూర్పు నౌకాదళంతోనే, అంటే విశాఖ ఓడగానే ఉంది. హార్బర్ ముఖద్వారం దగ్గర డాల్ఫిన్స్ నోస్ కొండ కింద నుంచి అది లోపలికి వస్తుంటే ఎన్నోసార్లు చూశాను. ఆ చప్పిడి ముక్కు దూరం నుంచే తెలిసిపోతుంది.

ఇలాంటి ఓడ ఎందుకు కావాలో 2004 డిసెంబర్ 26 తర్వాత అందరికీ తెలిసింది. సునామీకి అండమాన్ నికోబార్ దీవుల్లో జెట్టీలు విరిగిపోయాయి. మామూలు ఓడ ఆగడానికి చోటే లేని దగ్గర, ఒడ్డుకే ఆనుకోగల ఓడల విలువ ఎంతో లెక్క కట్టలేం. మగర్ ఒక్కటే 1,300 మందికి పైగా బాధితులను తరలించింది. కోవిడ్ సమయంలో 2020 మే నెలలో అదే మగర్ మాల్దీవుల్లో చిక్కుకున్న 202 మందిని కొచ్చికి తీసుకొచ్చింది. యుద్ధ ట్యాంకుల కోసం చేసిన డెక్కు మీద అలా ఊరికి తిరిగొచ్చే జనం నిద్రపోయారు. 2022 ఏప్రిల్‌లో శ్రీలంకలో ఆసుపత్రులకు మందులు కరువైతే కొలంబోకు 760 కిలోలకు పైగా మందులు పట్టుకెళ్లింది మన ఘరియాల్. మూడేళ్లకు మయన్మార్‌కు బియ్యం. నా లాంటి వాడికి ఇంతకంటే ఏం కావాలి? ఆ బియ్యం బస్తాల కింద ఉన్నది మేం వేసిన అతుకులు.

సేవ అంటే మంచి రోజులే ఉండవు. 2006 ఫిబ్రవరిలో గడువు తీరిన మందుగుండును సముద్రంలో పారబోస్తుండగా మగర్ మీద ప్రమాదం జరిగి ముగ్గురు నావికులు చనిపోయారు, ఇంకెందరో కాలి గాయపడ్డారు. మంట దగ్గర బతికినవాణ్ని కాబట్టి ఆ వార్త నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మగర్‌కు 2023 మే 6న కొచ్చిలో వీడ్కోలు చెప్పారు. సూర్యాస్తమయం వేళ పతాకం దించేశారు. దాదాపు 36 ఏళ్ల సేవ. తర్వాత 2024 జనవరి 12న పోర్ట్‌బ్లెయిర్‌లో చీతా, గుల్దార్, కుంభీర్ మూడింటికీ ఒకేరోజు వీడ్కోలు. అవి పోలండ్‌లో గ్దీనియా యార్డు కట్టిన, కొంచెం చిన్న ల్యాండింగ్ ఓడలు. 1984 నుంచి 1986 మధ్య వచ్చాయి, నలభై ఏళ్లకు దగ్గరగా పనిచేశాయి. ఘరియాల్ చేరింది 1997లో. మగర్ లెక్కే తీసుకుంటే దాని వీడ్కోలు 2033లో. నాకప్పుడు 70 ఏళ్లు. మా బ్యాచ్‌లో ఎంతమంది ఉంటామో దేవుడికి తెలియాలి.

ఓడ వయసును మేం ఏళ్లలో చూడం, ప్లేటు మందంలో చూస్తాం. డ్రైడాక్‌లో, అంటే నీళ్లు తోడేసిన మరమ్మతు గోదిలో పెట్టినప్పుడల్లా గుల్లలు, పాత రంగు గీకి, అల్ట్రాసోనిక్ మీటరుతో అడుగు ప్లేట్లు ఎంత అరిగాయో చోటు చోటునా కొలుస్తారు. అరిగిన ముక్క కోసేసి కొత్తది వేస్తారు. ఇసుక మీదికి ఎక్కి దిగే ఓడకు ఈ అరుగుదల ఇంకా ఎక్కువ. కాబట్టి మేం వేసిన ప్లేట్లలో కొన్ని ఈపాటికి మారిపోయే ఉంటాయి. దాని గురించి నాకు దిగులు లేదు. ఓడ బతకాలంటే అలాగే బతకాలి. కానీ ఆఖరి రోజు వచ్చాక మొత్తం ఓడను గ్యాస్ కట్టర్లకు అప్పగించేస్తే, ఈ ఊళ్లో ఇది పుట్టిందని చెప్పడానికి ఇనుప ముక్క కూడా మిగలదు.

ఆర్కే బీచ్‌కు వెళ్లండి. కురుసుర జలాంతర్గామి ఉంది, సోవియట్ యూనియన్‌లో కట్టింది. దాని ఎదురుగా టీయూ-142 విమానం, అదీ అక్కడిదే. సీ హ్యారియర్ యుద్ధ విమానం బ్రిటన్‌ది. వాటిని నడిపిన మనవాళ్ల త్యాగం గొప్పది, వాటిని ఒడ్డున నిలిపినవాళ్లకు దండం పెడతాను. మా మనవడికి కురుసుర అంటే ప్రాణం, లోపలికి మూడుసార్లు వెళ్లాడు. మూడోసారి బయటికొచ్చాక “తాతా, వీటిలో నువ్వు చేసిందేది?” అని అడిగాడు. బీచ్ రోడ్డంతా చూపించినా నేను వేలు పెట్టి చూపించగలిగింది ఒక్కటీ లేదు. 1948లో ‘జల ఉష’ను నెహ్రూ గారి చేతుల మీదుగా నీళ్లలోకి దింపిన ఊరు ఇది. ఓడలు కట్టే ఊరికి, తాను కట్టిన ఓడ ఒక్కటైనా నలుగురికీ కనబడేలా ఉండాలా వద్దా?

మొత్తం ఓడను బీచ్‌లో పెట్టమని నేను అడగడం లేదు. కురుసుర 91 మీటర్లు, ఇది 120 మీటర్లు, పైగా ఎత్తు, వెడల్పు చాలా ఎక్కువ. విమానవాహక నౌక విరాట్‌ను విశాఖకు తెచ్చి మ్యూజియం చేద్దామని మన రాష్ట్ర ప్రభుత్వం ఒకప్పుడు ముందుకొచ్చింది. ఖర్చు దగ్గర ఆగిపోయింది. చివరికి విరాట్ గుజరాత్‌లోని అలంగ్‌లో ముక్కలైంది. పాత విక్రాంత్‌కు ముంబైలో అదే గతి పట్టింది. గుల్దార్ అదృష్టం బాగుంది. దాన్ని మహారాష్ట్రకు ఇచ్చారు, సింధుదుర్గ్ తీరంలో సముద్రం అడుగున మ్యూజియంగా, చేపలకు ఆవాసంగా మార్చే పని పెట్టుకున్నారు. వాళ్లకు పోలండ్‌లో కట్టిన ఓడ మీదే అంత ప్రేమ ఉంటే, మనం కట్టిన ఓడ మీద మనకు ఎంత ఉండాలి?

నేను అడిగేది ముక్కు భాగం. రెండు తలుపులు, ర్యాంపు, ఆ వెనక ట్యాంక్ డెక్కులో కొంత. అంతవరకు కోసి ఇసుక మీద, నిజంగా ఒడ్డెక్కినట్టే నిలిపితే చాలు. పిల్లలు ర్యాంపు మీద నుంచి లోపలికి నడుస్తారు. ఆ రెండు పొరల అడుగులోని గది ఒకటి పక్క నుంచి కోసి అద్దం పెడితే, మనిషి లోపల ఎలా పడుకుని పనిచేసేవాడో కనబడుతుంది. దీనికి పదేళ్ల ముందు నుంచే కాగితాలు నడపాలి. నౌకాదళంతో, రాష్ట్ర పర్యాటక శాఖతో, షిప్‌యార్డుతో మాట్లాడాలి. తుక్కు వేలం ప్రకటన వచ్చాక ఉత్తరాలు రాస్తే లాభం ఉండదు. తెన్నేటి పార్కు ఓడను రెస్టారెంటు చేద్దామని ఉత్సాహపడి, తర్వాత ఏళ్ల తరబడి తుప్పుకు వదిలేసిన సంగతి మనందరం చూశాం. కాబట్టి నిర్వహణ ఎవరిదో, డబ్బు ఎక్కడిదో ముందే తేల్చుకోవాలి.

అంతవరకు ఆగక్కర్లేని పని ఇంకోటి ఉంది, దానికి ఖర్చు కూడా లేదు. ఆ ఓడ మీద పనిచేసిన ప్లేటర్లు, వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు, పెయింటర్లు, క్రేన్ ఆపరేటర్లు సింధియా, మల్కాపురం, గాజువాక చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. ఏటా ఒకరిద్దరు వెళ్లిపోతున్నారు. చరిత్ర శాఖ ఉన్న ఏ కాలేజీ పిల్లలైనా వచ్చి మా మాటలు రికార్డు చేసుకోవచ్చు. మీ పత్రిక ఆదివారం సంచికలో ఒక పేజీ ఇచ్చినా చాలు. ఇక మీదట ఘరియాల్ ఫొటో వేసినప్పుడు కింద ‘విశాఖలో నిర్మించిన’ అన్న రెండు మాటలు చేర్చమని మీ విలేకరులకు చెప్పండి.

1988 నుంచి 1991 వరకు ఏ రోజు ఓడ ఏ ఫ్రేము (ఓడ పక్కటెముక) దగ్గర పనిచేశానో రాసుకున్న చిన్న డైరీలు నా దగ్గర మూడున్నాయి. ఎవరు భద్రంగా ఉంచుతామంటే వాళ్లకు ఇస్తాను. ఆ ఓడ మీద పనిచేసిన అయిదుగురం రోజూ సాయంత్రం అయిదింటికి మల్కాపురం మార్కెట్ పక్క టీ దుకాణం దగ్గర కూర్చుంటాం. ఫోను చేయక్కర్లేదు, రికార్డరు తెచ్చుకుంటే చాలు. మాలో క్రేన్ ఆపరేటరుగా చేసినాయనకు ఈమధ్య చెవులు సరిగా వినబడటం లేదు. ముందు ఆయన్ని అడగండి.

ఇట్లు,
విశ్రాంత షిప్‌యార్డు వెల్డర్,
మల్కాపురం, విశాఖపట్నం.